ఒకే నోట్లో పుట్టినవి

మల్లెలకుంట, కొత్తచెరువు మండలం
జూన్ 14

చౌడేశ్వరికి,

ఫోన్లో చెప్పే సంగతికి ఉత్తరమేంది అని నవ్వుకుంటావు. మన ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అది మామ రొండిన ఉంటుంది. ఎవరు మాట్లాడాలన్నా స్పీకర్ పెట్టి ఆయన ముందర నిలబడి మాట్లాడాలి. ఇది ఆయన ముందర మాట్లాడే సంగతి కాదు.

నువ్వు మటన్ అంగట్లో రోజూ తలకాయలు కాల్చి పగలగొట్టేదానివి. గొర్రె గొంతు లోపల ఎలా ఉంటుందో మన ఇంట్లో నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే అడుగుతున్నాను.

మన మందలో పిల్లలు గొంతు కింద గడ్డతో పుడుతున్నాయి. నిమ్మకాయంత గడ్డ, మెత్తగా, గాలిగొట్టానికి రెండు పక్కలా. ఒంటి మీద బొచ్చు పలచగా ఉండి చర్మం కనపడుతూ ఉంటుంది. లేచి నిలబడలేవు. చన్ను నోట్లో పెట్టినా చప్పరించలేవు. మీ నాయన కడ్డీ ఎర్రగా కాల్చి గడ్డ చుట్టూ వాతలు పెడుతున్నాడు. పెట్టేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉంటాయి. వాత పెట్టినవీ చస్తున్నాయి, పెట్టనివీ చస్తున్నాయి.

వింత ఏమంటే బక్క గొర్రెల పిల్లలు బాగున్నాయి. మామ పేరు పెట్టి పిలుచుకునేవి, మందలో మేలైనవి, వాటికే ఇలా అవుతోంది.

ఇలాంటి గడ్డ నీ అంగట్లో ఎప్పుడైనా చూశావా? చూసి ఉంటే రాయి. ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంచమను, నేనే పోయి తెచ్చుకుంటాను. మీ అన్న తిప్పేష్ బాగున్నాడు. నా గురించి రాసేదానికి ఏమీ లేదు.

మీ వదిన,
హనుమక్క


పాతూరు, అనంతపురం
జూన్ 20

వదినా,

నాయనకు చెప్పు... వద్దు, నువ్వు చెప్పొద్దు. నేనే వచ్చి ఎదురుగా నిలబడి చెప్తాను. పాలు తాగలేని పిల్ల గొంతు మీద ఎర్రటి ఇనుము పెట్టే మనిషి కన్నీళ్ళు నాకొద్దు. ఆ కన్నీళ్ళు పిల్లకేం పనికొస్తాయి?

ఆ గడ్డ నాకు తెలుసు. అది గడ్డ కాదు. ప్రతి గొర్రెకీ, నీకూ నాకూ ఉండే గ్రంథి. థైరాయిడ్ అంటారు. మంచి గొర్రెలో గాలిగొట్టం మొదట్లో, రెండు పక్కలా, కార్జం రంగులో బాదం గింజంత ఉంటుంది. వేలికి జారిపోతుంది. నేను రోజూ దాన్ని చూస్తాను. నిమ్మకాయంత మాత్రం ఎప్పుడూ చూడలేదు.

దీనికెట్లా తెలిసింది అనుకుంటావు. మా అంగడాయన కుళ్లాయప్పన్న కాళ్ళు, తలకాయలు చుట్టి ఇచ్చేదానికి రద్దీ కాగితం తెస్తాడు. పోయిన ఏడాది ఆ రద్దీలో పశువుల డాక్టర్లు చదివే పుస్తకం వచ్చింది. గొర్రె తలకాయను నిలువుగా చీల్చిన బొమ్మ. నేను కత్తితో రోజూ చేసేదాన్ని ఎవరో పెన్సిలుతో చేసినారు. నేను చూసుకునే లోపలే సగం పుస్తకం బోటీ చుట్టుకుని ఊళ్ళోకి పోయింది. మిగిలిన సగం దాచుకున్నాను. అంతా ఇంగ్లీషు. ఫోన్లో ఒక్కో మాటా కొట్టి, తెలుగు చేసుకుని, వీడియోలు చూసి చదివినాను. నన్ను పదో తరగతిలో బడి మాన్పించినప్పుడు నాయన అన్నమాట నీకు తెలియదు, అప్పటికి నువ్వు మా ఇంటికి రాలేదు. "గొర్లు కాసేదానికి ఇంగ్లీషు ఎందుకు?" అన్నాడు. గొర్రెల సంగతంతా ఆ ఇంగ్లీషులోనే ఉంది, చూడు మరి.

ఇంకొకటి చెప్తాను. తలకాయ చీల్చితే మెదడు కింద ఎముకలో చిన్న గుంట కనపడుతుంది. ఆ గుంటలో శనగగింజంత ఒకటి కూర్చుని ఉంటుంది. పీయూష గ్రంథి. గిరాకీకి వచ్చినవాళ్ళు మెదడు తీసుకుని పోతారు. ఈ గింజ ఎముకలోనే ఉండిపోయి కుక్కల పాలవుతుంది. వదినా, ఆ గింజ ఒళ్ళంతటికీ ఉత్తరాలు రాస్తుంది. నెత్తుట్లో వేసి పంపుతుంది. హార్మోను అంటే అదే. మెడలో ఉన్న థైరాయిడ్‌కు పని చెయ్యమని రాస్తుంది. థైరాయిడ్ పని చేసి తన హార్మోను పంపాలంటే దానికి అయోడిన్ కావాలి. అది దొరక్కపోతే జవాబు పోదు. జవాబు రాలేదని పైనున్నది ఇంకా గట్టిగా రాస్తుంది. కిందున్నది జవాబివ్వలేక, చేయాలని చేయాలని ఉబ్బుతుంది. మీ నిమ్మకాయ అదే. పనికి మొండికేసింది కాదు, శక్తికి మించి పని చేయబోయింది. దానికి నాయన వాత పెడుతున్నాడు.

ఈ గ్రంథి పుట్టిందే సముద్రంలో. ఇప్పటికీ సముద్రంలో వేలెడంత జీవి ఒకటి ఉంది, ఇసుకలో కూరుకుని నోరు తెరుచుకుని ఉంటుంది. దాని గొంతు అడుగున ఒక గాడి. నీళ్ళలో కొట్టుకొచ్చే తిండిని ఆ గాడిలోని జిగురుతో పట్టుకుంటుంది. ఆ గాడిలోనే కొన్ని కణాలు నీళ్ళలో ఉన్న అయోడిన్ పట్టుకుంటాయి. పాములాంటి చేప ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు దాని గొంతులోనూ ఆ గాడే ఉంటుంది. పెద్దయ్యాక ఆ గాడే మారిపోయి థైరాయిడ్ అవుతుంది. కోట్ల ఏళ్ళలో జరిగిన పనిని ఈ చేప ఒక్క బతుకులో చేసి చూపిస్తుంది. గొర్రె పిల్ల కూడా తల్లి కడుపులో ఆ దారిలోనే వస్తుంది. థైరాయిడ్ మొదట నాలుక మొదట్లో, నోటి అడుగున మొలిచి, తర్వాత మెడలోకి దిగుతుంది. సముద్రం చూడని గొర్రె గొంతులో సముద్రపు గాడి ఉంది. దానికి సముద్రపు అయోడిన్ కావాలి. మన గుట్టల్లో అది యాడిది?

నాయన మందకు పెట్టేది బండి మీద వచ్చే రాళ్ళుప్పు. అందులో అయోడిన్ ఉండదు. ప్యాకెట్ ఉప్పు కుడితి నీళ్ళలో కలిపి పెట్టు. ఇంకెవరికీ చెప్పకు.

చౌడేశ్వరి


మల్లెలకుంట
జూలై 9

చౌడేశ్వరికి,

నువ్వు చెప్పినట్టే పొడుప్పు కలిపాను. మామ నాలుకకు తెలిసిపోయింది. మంద తాగే నీళ్ళు తను ఒక గుక్క తాగి చూడనిదే పెట్టడు, నీకు తెలుసు కదా. ఎవరు కలిపినారని అడిగితే నీ ఉత్తరం సంగతి చెప్పక తప్పలేదు. సముద్రం గాడి దాకా చెప్పాను. ఆయన చాలా రోజులకు నవ్వినాడు.

"మన గొర్రె సముద్రం యాడ జూసె? చిత్రావతి ఏరు పారితేనే పండగ మనకు."

దొడ్డి దగ్గర కూర్చున్న పక్క మంద ఎర్రిస్వామి మామ కూడా నవ్వినాడు. నవ్వినా ఉప్పు మాత్రం కలపనిచ్చారు. కానీ లాభం లేదు చౌడమ్మా. ఆ తర్వాత ఈనినవాటిలో కూడా గడ్డలు వచ్చినాయి. నిన్న గౌరి ఈనింది. రెండు పిల్లలు. రెండూ పోయినాయి. గౌరి ఇంకా దొడ్డి మూల వాసన చూసుకుంటూ తిరుగుతోంది.

ఒక మాట నీకు రాయలేదు. గడ్డలు మొదలైంది నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాదే. బక్కవి బయట తిరిగి దొరికింది మేస్తాయి. మేలైన సూడి గొర్రెలను మామ దొడ్డిలోనే ఉంచి, వాటికి మేత నా చేత పెట్టిస్తాడు. నా చేత్తో తిన్నవాటికే గడ్డల పిల్లలు. ఇది ఎర్రిస్వామి మామ కనిపెట్టి అందరిలో చెప్పినాడు. మీ నాయన మంద గురించి తప్పుగా చూసే మనిషి కాదు. ఆయన కూడా లెక్క చూసుకుని అవును అన్నాడు. నేనూ చూసుకున్నాను. అవును, నా చేత్తో తిన్నవే.

ఇప్పుడు నన్ను దొడ్డిలోకి రానివ్వడం లేదు. ఇంక దీని గురించి రాయకు. రాసి నాకు ఆశ పెట్టకు.

హనుమక్క


పాతూరు, అనంతపురం
జూలై 15

వదినా,

రాస్తాను. రాయొద్దంటే ఇంకా రాస్తాను.

వాళ్ళు చూసింది నిజమే కావచ్చు. నీ చేత్తో తిన్నవాటికే వచ్చింది. సరే. చేతిలో ఏముంది? అది అడగలేదే ఎవరూ? చెయ్యి అయితే మందంతటికీ గంగాళంలో నీళ్ళు పెట్టిన చెయ్యీ నీదే, అన్నకు సంగటి పెట్టిన చెయ్యీ నీదే. అన్నకు గడ్డ రాలేదే. వచ్చుంటే బాగుండేది, నీ తరపున నోట్లోంచి ఒక్క మాట రానందుకు ఒక సాకైనా ఉండేది.

ఉప్పు ఒక్కటే కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. ఇంకేదో ఉంది. నా దగ్గరున్న సగం పుస్తకంలో లేదు. కొత్తచెరువులో పశువుల ఆసుపత్రి ఉంది. చచ్చిన పిల్లను పూడ్చొద్దు. తీసుకుపో. ఎవరిని అడిగి పోవాలి అని నన్ను అడగొద్దు.

చౌడేశ్వరి


మల్లెలకుంట
ఆగస్టు 3

చౌడేశ్వరికి,

పోయినాను.

చంద్రి పిల్ల పొద్దున్నే చచ్చిపోయింది. బియ్యం సంచిలో పెట్టుకుని బస్సెక్కినాను. కండక్టర్ సంచి వైపు చూసినాడు.

"ఏమ్మా, ఏముండాది దాంట్లో?"

"గొర్రెపిల్ల అన్నా."

"దానికి గూడా టికెట్ కొట్టాల్నా?"

"చచ్చిపోయింది."

ఆయన ముందు సీట్లో ఉన్నవాళ్ళను లేపి నన్ను కూర్చోబెట్టినాడు. అంత దూరం నేను ఏడవలేదు. అక్కడ ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు సారా. పిల్ల గొంతు కోసి చూపించింది. నిమ్మకాయ బయటికి వచ్చింది, రెండు ముక్కలు. థైరాయిడ్ అన్నది. నేను ముందే ఆ మాట అన్నందుకు తలెత్తి చూసింది. ఎవరు చెప్పినారు అంది. మా ఆడబిడ్డ అన్నాను, అనంతపురంలో తలకాయలు కాలుస్తుంది, ఉప్పు మార్చమని చెప్పింది అన్నాను. డాక్టరమ్మ నవ్వి, "సగం పట్టుకుంది, మంచి సగమే" అంది. తర్వాత తల్లికి ఏం మేత పెట్టినారని అడిగింది.

సుబాబుల్ ఆకు.

రెండేళ్ళుగా గుట్ట మీద గడ్డి లేదు. బీడంతా ఎర్రగా ఉంది. కాలువ గట్టున సుబాబుల్ చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. మామ మేలైన సూడి గొర్రెలను ఆకలికి వదలలేక ఆ ఆకు కోయించి, నా చేత వాటికే పెట్టించినాడు. అదొక్కటే, పొద్దునా సాయంత్రమూ. బక్కవాటికి ఆకు మిగలలేదు, అవి బతికిపోయినాయి. ఆకు చెడ్డది కాదట, గడ్డితో కలిపి కొంచెం పెడితే బలమేనట. అదే మేతగా పెడితే అందులో ఉన్న విషం థైరాయిడ్ చేతులు కట్టేస్తుందట. తల్లికి పైకి ఏమీ తెలియదు. కడుపులో పిల్లకు తగులుతుంది. రాళ్ళుప్పులో అయోడిన్ లేకపోవడం దానికి తోడు. మందలో ఇప్పుడే రెండో నెల పడిన సూడి గొర్రెలు చాలా ఉన్నాయి. పిల్ల గ్రంథి రెండో నెల దాటగానే పని మొదలుపెడుతుంది, ఆకు ఇప్పుడే ఆపండి, ఉప్పు ఇప్పుడే మార్చండి అని చెప్పింది. ఇంటికొచ్చి చెప్తే మామ చెవిన పెట్టలేదు.

చౌడమ్మా, ఇంక దాచిపెట్టను. మామ మాట ఇచ్చేసినాడు, ఎర్రిస్వామి మామ ముందరే. వచ్చే ఈతలో గడ్డలు కనపడితే నన్ను మా అమ్మ వాళ్ళ ఊరు బుక్కరాయసముద్రం పంపించేస్తారు. మీ అన్న తల వంచుకుని నిలబడినాడు.

ఇంకొకటి. నాకు మూడో నెల. మీ అన్నకు తప్ప ఎవరికీ తెలియదు. రాత్రిళ్ళు నా గొంతు తడుముకుంటున్నాను. ఇంట్లో కూర కూడా ఆ రాళ్ళుప్పుతోనే.

హనుమక్క


పాతూరు, అనంతపురం
ఆగస్టు 8

వదినా,

ముందు నీ సంగతి. రేపే పెద్దాసుపత్రికి పో. నెత్తురు తీసి థైరాయిడ్ పరీక్ష చెయ్యమని అడుగు. కడుపుతో ఉన్నవాళ్ళకు చేస్తారు. భయపడొద్దు, విను. మనిషి బిడ్డకు నాలుగో వారంలోనే నాలుక మొదట్లో ఆ గ్రంథి మొలుస్తుంది. మొలిచి, మెల్లగా మెడలోకి దిగుతుంది. మూడో నెల నిండే దాకా అది పని మొదలుపెట్టదు. అంతవరకూ తల్లి హార్మోనే బిడ్డకు పోతుంది. అంటే ఈ రోజు వరకూ నీ గ్రంథి ఇద్దరికి పని చేసింది. నీ చెయ్యి మందకు పనికిరాదన్నారే, ఆ నీ ఒంట్లో సంగతి ఇది. తక్కువుంటే మాత్ర ఇస్తారు. ఆకు తిన్నది గొర్రెలు, నువ్వు కాదు.

డాక్టరమ్మ 'సగం' అన్నమాట ముల్లులా గుచ్చుకుంది. మిగిలిన సగం ఆ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఏ ఇంట్లోనో బోటీ విప్పి పారేసినారు. సరే. ఆమె చెప్పింది నిజం, నేను ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు, గుర్తుపెట్టుకో.

అన్నకు ఈ మాట చదివి వినిపించు. పీయూష గ్రంథి ఎక్కడ పుడుతుందో తెలుసా? అదీ నోట్లోనే. పిండం నోటి పైకప్పు నుంచి ఒక చిన్న సంచి మొలిచి, పైకి ఎక్కి, మెదడు కిందికి పోయి కూర్చుంటుంది. థైరాయిడ్ నోటి అడుగు నుంచి మొలిచి కిందికి దిగుతుంది. ఇద్దరూ ఒకే నోట్లో పుట్టినవాళ్ళు. ఒకరు పైకి, ఒకరు కిందికి పోయినారు. చచ్చేదాకా ఒకరికొకరు నెత్తుట్లో రాసుకుంటూనే ఉంటారు. ఒకరు మాట ఆపితే రెండోవాళ్ళు చెడిపోతారు. అన్నా నేనూ ఒకే ఇంట్లో పుట్టినాము. నేను అరుస్తూనే ఉన్నాను. అతను జవాబివ్వకపోతే ఉబ్బేది ఎవరో అతనికి తెలియాలి. గొర్రె గ్రంథికి అయోడిన్ లేదు, అందుకు మాట రాలేదు. నీ మొగుడికి ఏం తక్కువైంది?

బస్సు డ్రైవర్ చేతికి ఒక సీసా పంపుతున్నాను. ఉప్పునీళ్ళలో రెండున్నాయి. ఒకటి మంచి గొర్రె థైరాయిడ్. ఒకటి తలలోని శనగగింజ. మొన్న డాక్టరమ్మ తీసిన నిమ్మకాయ నీ దగ్గరే ఉంటే మూడూ నాయన ముందు పెట్టు. ఏమీ చెప్పొద్దు. నాయన చెవులతో నమ్మడు, కళ్ళతో నమ్మడు. వేళ్ళతో నమ్ముతాడు. చీకట్లో మెడ మీద చెయ్యి వేసి ఇది గౌరి, ఇది చంద్రి అని చెప్పే మనిషి. ఆ చేతికే వదిలేద్దాం.

చౌడేశ్వరి


మల్లెలకుంట
సెప్టెంబరు 2

చౌడేశ్వరికి,

పరీక్ష చేసినారు. కొంచెం తక్కువ ఉందట. రోజూ పరగడుపున ఒక మాత్ర. బిడ్డకు భయం లేదన్నారు. మామకు తెలిసిపోయింది.

సీసా చేరింది. నిమ్మకాయను నేను ఉప్పు వేసి దాచే ఉంచాను. మూడూ అరటాకులో పెట్టి మామ ముందర పెట్టి వెనక్కి వచ్చేశాను. ఆయన అరటాకును దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నీ బాదం గింజను ఒక అరచేతిలో, మన పిల్ల గడ్డను ఇంకో అరచేతిలో పెట్టుకుని బొటనవేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతుల్లో ఉన్నవీ ఒకటే అని ఆయనకు తెలిసిపోయినట్టు నాకు అనిపించింది.

"ఈ చిన్నగింజ యాడిది?" అని అడిగినాడు.

తలలోది అని చెప్పాను. ఆ రెండూ మాట్లాడుకుంటాయని చెప్పాను.

"ఏమని?"

పైది పని చెయ్యమంటుంది, కిందిది చెయ్యాలని చూస్తుంది, మేత అడ్డం పడితే చెయ్యలేక ఉబ్బుతుంది అన్నాను. ఆయన కడ్డీ వైపు చూసినాడు. అది దొడ్డి గుంజకు ఆనించి ఉంది.

మరుసటి పొద్దున ఆకు కోసే కొడవలి తనే తీసి అటక మీద వేసినాడు. ఆకు ఆపేస్తే మేత ఏది? మంద అంతటినీ తోలుకుని చిత్రావతి ఏటి పొడుగునా నడిచిపోయినారు, ఆయనా మీ అన్నా. అక్కడ ఇంకా కొంచెం పచ్చిక ఉందట. పోయే ముందు మీ అన్న నోరు తెరిచినాడు. నీ ఉత్తరం చదివి వినిపించినప్పటి నుంచి లోపల ఉడుకుతున్నట్టుంది. "నాయనా, హనుమక్క యాడికీ పోదు. పోతే నేనూ పోతా" అన్నాడు. అంతే. మామ చెప్పులేసుకుంటూ, "ఈత కానీ, చూస్తాం" అన్నాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ అయోడిన్ కలిపిన ఉప్పు ఇటుకలు ఇచ్చింది. అవీ వాళ్ళ వెంట పోయినాయి.

హనుమక్క


పాతూరు, అనంతపురం
నవంబరు 19

వదినా,

ఈత ఎప్పుడు? ఒక్క ముక్క రాయవేం? ఇక్కడ ప్రతి తలకాయ చీల్చినప్పుడల్లా ఆ గింజ నా వైపే చూస్తున్నట్టుంది. ఇంకో సంగతి చదివినాను. చేప మొప్పల్లో నీళ్ళలోంచి సున్నం పట్టే కణాలు ఉంటాయట. మనకు మొప్పలు పోయినాయి. అయినా పిండంలో ఆ చోటి నుంచే ఇంకో గ్రంథి మొలిచి, థైరాయిడ్ పక్కనే కూర్చుని, ఒంట్లో సున్నం సంగతి చూసుకుంటుంది. ఒంట్లో ఏదీ కొత్తది కాదు వదినా. పాతదానికి కొత్త పని ఇచ్చినారు. కుళ్లాయప్పన్నకు చెప్పినాను. "గిరాకీ చూడు మేయ్" అన్నాడు.

రాయి.

చౌడేశ్వరి


మల్లెలకుంట
డిసెంబరు 11

చౌడేశ్వరికి,

కూర్చుని రాస్తున్నాను. ఎనిమిదో నెల, వంగితే ఊపిరి ఆడడం లేదు. అయినా ఇది నేనే రాయాలి.

గౌరి పెద్ద కూతురు ఈనింది. మంద ఏటి దగ్గర నుంచి తిరిగొచ్చి వారమే అయింది. ఈతకు వచ్చిందని తెలిసి ఎర్రిస్వామి మామ, ఇంకా నలుగురు గొర్రెలవాళ్ళు దొడ్డి చుట్టూ చేరినారు. చూసేదానికి వచ్చినారో, నేను సంచి సర్దుకునేది చూసేదానికి వచ్చినారో తెలియదు. నేను దొడ్డి బయటే నిలబడినాను.

పిల్ల పడింది. మామ దాని మూతి తుడిచి, గొంతు మీద చెయ్యి వేసినాడు. తీయలేదు. అందరూ ఆయన చేతి వైపే చూస్తున్నారు. ఆయన వేళ్ళు గాలిగొట్టం పక్కన కిందికీ పైకీ పోతున్నాయి, ఏదో పోగొట్టుకున్నది వెతుకుతున్నట్టు. గడ్డ లేదు. బొచ్చు నిండుగా, తడిసి నల్లగా ఉంది. మామ చెయ్యి తీసే లోపలే పిల్ల కాళ్ళు దన్నుకుని లేచింది. పడింది. మళ్ళా లేచి పొదుగు వెతుక్కుంది. చప్పరించే చప్పుడు నాకు బయటికి వినపడింది.

వెనకాలే ఇంకొకటి పడింది. అదీ శుభ్రమే.

ఎర్రిస్వామి మామ, "ఈసారి కోడలి చెయ్యి పడలేదు గదప్పా, అందుకే" అన్నాడు. మామ లేచి నిలబడినాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"చెయ్యి కాదు. ఆకు. పెట్టింది ఆయమ్మ, పెట్టమనింది నేను. మీరంతా నా మందను జూసి మీ గొర్లకూ అదే ఆకు ఏస్తాండారు. పోయి మీ సూళ్ళను జూసుకోండి."

ఎర్రిస్వామి మామ ముఖం మాడిపోయింది. ఆయన మందలోనూ గడ్డలున్నాయట, ఇన్ని రోజులూ ఎవరికీ చెప్పకుండా పూడ్చేస్తున్నాడు.

తర్వాత మామ దొడ్డి తడిక తీసి నన్ను లోపలికి రమ్మన్నాడు. రెండో పిల్లను నా చేతిలో పెట్టినాడు. అందరి ముందర. ఇంకా తడి ఆరలేదు దానికి. నా చీర అంతా పాడైపోయింది. ఆ చీర ఉతకలేదు.

ఆ తర్వాత వరసగా ఈనుతూనే ఉన్నాయి. ఎర్రదానికి ఒకటి, మచ్చలదానికి రెండు. ఒక్క మెడ మీద కూడా గడ్డ లేదు చౌడమ్మా. ఒక్కదాని మీద కూడా లేదు. మీ అన్న ప్రతి పిల్లనూ ఎత్తుకుని తెచ్చి నాకు చూపిస్తున్నాడు, తనే కన్నట్టు.

సారా డాక్టరమ్మ వచ్చి చూసి పోయింది. చుట్టుపక్కల గొర్రెలవాళ్ళందరినీ పిలిచి మాట్లాడుతుందట. నిన్ను కూడా రమ్మంది, ఆ సీసా తీసుకుని. నీ సగమూ తన సగమూ కలిపి చెప్తుందట.

హనుమక్క


మల్లెలకుంట
మార్చి 6

చౌడేశ్వరికి,

ఇది మామ చెప్తుంటే నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చొద్దని ఒట్టేయించుకున్నాడు.

చౌడీ, మీ నాయన నరసింహప్ప రాపిచ్చేది. మీ వదినకు ఆడబిడ్డ పుట్టినాది. తల్లీబిడ్డా బాగుండారు. ఆసుపత్రిలో బిడ్డ మడమలో సూది పొడిచి నెత్తురు తీస్కున్యారు, ఆ గ్రంథి సంగతి జూసేదానికంట. మంచిగుండాదని చెప్పినారు. వాళ్ళు చెప్పకముందే నేను మెడ తడిమి జూసుకున్యా. నర్సమ్మ తిట్టినాది, గొర్రెపిల్ల అనుకుంటివా అని. ఇది గూడా రాస్తివా? రాయొద్దంటి గదా. సరే, ఉండనీ.

బిడ్డ గట్టిగా ఏడుస్తాది. నీ మాదిరే. ఆ గొంతు ఇని ఇంట్లో అందరూ అదే మాట అంటాండారు.

ఆ వాత కడ్డీని కొలిమికాడికి తీస్కపోయినా. కొన వంచి కొక్కెం చేపిచ్చినా. దాన్ని దొడ్డి దూలానికి కొట్టి, ఉప్పు ఇటుక యాలాడదీసినా. ఎర్రిస్వామి వచ్చి జూసి, నాకూ ఒకటి చేపియ్యప్పా అన్యాడు. నీ కడ్డీ నువ్వే వంచుకో పో అన్యా.

నిన్ను బడి మానిపిచ్చింది నేనే. గొర్లకు ఇంగ్లీషు ఎందుకంటి. ఇప్పుడు డాక్టరమ్మ నిన్ను కూచోబెట్టి మందలోల్లకు చెప్పిస్తా అంటాంది. నువ్వు రా. మా అందరి ముందర ఆ తలకాయ చీల్చి చూపిచ్చు. ఆ గింజ యాడుంటాదో నేను వాళ్ళకు చెప్పినా ఎవురూ నమ్మలే. పుస్తకంలో పోయిన సగం యాడన్నా దొరికితే కొను.

సముద్రం కత ఇంగొకసారి చెప్పల్ల నువ్వు. ఆ పొద్దు నవ్వినా. ఈ పొద్దు సందేళ మంద దొడ్డికి చేరినాక ఒకటి ఎనక ఒకటి ఇటుక కాడికొచ్చి నాకతాండాయి. గరగరమని నాలికల సప్పుడు. బిడ్డను ఒళ్ళో ఏసుకోని ఆడనే కూచోని అదే ఇంటాండా.